‘రెస్టు తీసుకో’ - ఒక తీర్పు

మూడేళ్ళ కిందటి సంగతి. నేను గెస్టు లెక్చరరుగా పాఠాలు చెబుతున్న డిగ్రీ కాలేజీలో రెండో సంవత్సరం అమ్మాయి ఒకతె వెనక బెంచీలో కళ్ళు సగం మూసుకుని కూర్చునేది. ట్యూబులైటు కింద చోటిస్తే లేచి మూలకి వెళ్ళిపోయేది. పాఠం చదవమంటే రెండు వాక్యాలు చదివి ఆగిపోయేది. కాలేజీ కబడ్డీ జట్టులో రైడరు. స్పోర్ట్సు పేరు చెప్పి చదువు ఎగ్గొట్టే పిల్లల్ని చూసీ చూసీ ఉన్న నేను, ఈ పిల్లా అంతేననుకున్నాను. ఇంటర్నల్ మార్కుల దగ్గర ‘శ్రద్ధ లేదు’ అని రాసుకున్నాను. ఒకరోజు స్టాఫ్‌రూము గుమ్మం దగ్గర నిలబడి, “మేడం, అక్షరాలు కదుల్తున్నాయ్” అంది. “కళ్ళ డాక్టరుకి చూపించుకోమ్మా” అన్నాను. ఆ వారమే నేను ఆ క్లాసుకి షార్లెట్ పెర్కిన్స్ గిల్మన్ కథ ‘ది ఎల్లో వాల్‌పేపర్’ చెబుతున్నాను. భార్య తన బాధ గురించి చెప్పే మాటని డాక్టరైన భర్త నమ్మకపోవడం గురించి గంటసేపు మాట్లాడాను. నా ఎదురుగా కూర్చున్న అమ్మాయి మాటని మాత్రం నేను నమ్మలేదు.

తర్వాత తెలిసింది. అప్పటికి రెండు నెలల ముందు ప్రాక్టీసులో రైడుకి వెళ్ళినప్పుడు ఎదుటి పిల్ల మోకాలు ఆమె కణతకి బలంగా తగిలింది. కూలబడింది. నీళ్ళు తాగింది, వాంతి చేసుకుంది. పావుగంట తర్వాత మళ్ళీ కోర్టులో దిగింది. మర్నాడు తలనొప్పి తగ్గకపోతే ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్ళి సిటీ స్కాన్ తీయించారు. ‘నార్మల్’ అని వచ్చింది. డాక్టరు “రెస్టు తీసుకో” అన్నాడు. వైద్యం అంతే. ఎన్నాళ్ళు తీసుకోవాలి, ఏం చేయొచ్చు, ఏం చేయకూడదు, తగ్గకపోతే ఎవరి దగ్గరికి వెళ్ళాలి, ఎవరూ చెప్పలేదు. స్కాన్ నార్మల్ అన్నాక ఆమె బాధకి ఇంట్లోగానీ గ్రౌండులోగానీ క్లాసులోగానీ చోటు లేకుండా పోయింది.

ఈ వ్యాసం ఆమెకి క్షమాపణగా రాయడం లేదు. క్షమాపణ వల్ల ఆమెకి ఒరిగేదేమీ లేదు. నా చదువు, నా స్త్రీవాదం నన్ను ఈ విషయంలో ఎందుకు గుడ్డిదాన్ని చేశాయో తేల్చుకోవాలని రాస్తున్నాను. మనలో చాలామంది టీచర్లం. మన క్లాసుల్లో ఇలాంటి అమ్మాయిలున్నారు.

తలకి తగిలిన దెబ్బ వల్ల, లేదా ఒంటికి తగిలిన దెబ్బ ఊపు తలదాకా పాకడం వల్ల మెదడు పనితీరు దెబ్బతినడాన్ని వైద్యులు కంకషన్ అంటున్నారు. స్పృహ తప్పాలనేం లేదు. ఎక్కువమందికి తప్పదు. సిటీ స్కాన్‌లో సాధారణంగా ఏమీ కనిపించదు. ఆ స్కాన్ వెతికేది రక్తస్రావాన్ని, ఎముక విరుపుని. ‘నార్మల్’ అంటే ప్రాణాపాయం లేదని అర్థం; దెబ్బ లేదని కాదు. తలనొప్పి, తల తిరగడం, వెలుతురూ చప్పుడూ భరించలేకపోవడం, బుర్రకి మంచు పట్టినట్టుండడం, మతిమరుపు, నిద్ర చెడడం, ఊరికే ఏడుపో కోపమో రావడం, మెడనొప్పి: ఇవీ లక్షణాలు. చాలామందికి కొద్ది వారాల్లో తగ్గిపోతాయి. కొందరికి తగ్గవు. క్రీడల్లో కంకషన్ గురించి 2022 అక్టోబరులో ఆమ్‌స్టర్‌డామ్‌లో సమావేశమై నిపుణులు చేసిన తీర్మానం ప్రకారం, నాలుగు వారాలు దాటినా పోకపోతే వాటిని ‘మొండిగా కొనసాగే లక్షణాలు’గా గుర్తించి, ప్రత్యేకంగా, అన్ని వైపులనుంచీ పరీక్షించాలి.

ఈ లక్షణాలన్నింటిలో ఉన్న ఒక సామాన్య గుణాన్ని గమనించండి. వీటిలో చాలావాటికి మొదటి సాక్ష్యం ఆమె మాటే. విరిగిన కాలికి కట్టు ఉంటుంది. జ్వరానికి థర్మామీటరు ఉంటుంది. ‘అక్షరాలు కదుల్తున్నాయ్’ అన్నదానికి ఆమె నోరు తప్ప ఇంకో ఆధారం లేదు. కళ్ళ కదలికల్నీ నిలబడే తీరునీ మెడనీ పరీక్షించే పద్ధతులున్నాయి. కానీ ఆ పరీక్షలదాకా వెళ్ళాలన్నా ముందు ఎవరో ఒకరు ఆమె మాటని నమ్మాలి. వైద్యం నమ్మకంతో మొదలవ్వాల్సిన చోట, ఎవరి మాటకి ఎంత విలువుందన్నదే అసలు ప్రశ్న అవుతుంది. ఈ ప్రశ్న మనకి కొత్తది కాదు. కోర్టులో, పోలీసు స్టేషన్లో, పంచాయితీలో, కాపురంలో ఆడదాని మాట సాక్ష్యంగా చెల్లదనడాన్ని ఇన్నేళ్ళుగా ఎదిరిస్తూనే ఉన్నాం. గ్రౌండుని మాత్రం ఆ జాబితాలో ఎప్పుడూ చేర్చలేదు.

తలదెబ్బని తెలుగు సినిమా మనకెలా నేర్పిందో గుర్తు చేసుకోండి. తలమీద కొడితే గతం మర్చిపోతారు, ఇంకోసారి కొడితే గుర్తొస్తుంది. హాస్యనటుడి నెత్తిన కొడితే చుక్కలు తిరుగుతాయి, హాలంతా నవ్వుతుంది. ‘దిమ్మ తిరిగింది’ అన్న మాట మనకి తమాషా. నెలల తరబడి దిమ్మ తిరుగుతూనే ఉన్న మనిషి గురించి చెప్పడానికి ఆ తమాషా భాషలో మాటే లేదు. భాషలో లేని బాధని చెప్పుకునేవాళ్ళని నాటకాలాడుతున్నారనడం తేలిక.

వైద్యం దగ్గర ఆ మాట లేకపోలేదు. చాలా పాతదే ఉంది. 1866లో లండన్ సర్జన్ జాన్ ఎరిక్ ఎరిక్సన్, రైలు ప్రమాదాల్లో పైకి గాయం కనపడకపోయినా ఆ కుదుపువల్ల నెలల తరబడి బాధపడేవాళ్ళ గురించి పుస్తకం రాశాడు. నష్టపరిహారం కేసులు పెరిగాయి. 1883లో ఒక రైల్వే కంపెనీకి సర్జన్‌గా ఉన్న హెర్బర్ట్ పేజ్ దానికి జవాబు రాస్తూ, ఇందులో చాలామటుకు భయంవల్ల వచ్చిందేనన్నాడు. ఆ దశాబ్దంలోనే పారిస్‌లో షార్కో ఇలాంటి మగ రోగుల్ని హిస్టీరియా కింద చేర్చాడు. షార్కో దృష్టిలో హిస్టీరియా నిజమైన జబ్బే. లోకం దృష్టిలో మాత్రం ఆ మాటకి అర్థం వేరు. మగ కార్మికుడి నొప్పిని నమ్మకూడదనుకున్నప్పుడు కూడా, గర్భసంచి పేరుమీద పుట్టిన ఆ ఆడజబ్బు పేరే కావలసి వచ్చింది. దెబ్బ, నష్టపరిహారం, అనుమానం - ఈ మూడూ కలిసి నడవడం అప్పటినుంచీ ఉంది.

ఇంకో పాత చిట్కా కూడా అక్కడినుంచే వచ్చింది. ఫిలడెల్ఫియా డాక్టరు సైలస్ వియర్ మిచెల్ నరాల బలహీనత ఉన్న స్త్రీలకి ‘రెస్ట్ క్యూర్’ రాసేవాడు. వారాల తరబడి మంచం, బలవంతపు తిండి. చదవకూడదు, రాయకూడదు, మనుషుల్ని కలవకూడదు. అలాంటి బలహీనతే ఉన్న మగవాళ్ళలో కొందరికి ఆయన రాసిన వైద్యం వేరు: పశ్చిమ ప్రాంతాలకి వెళ్ళి గుర్రమెక్కండి, వేటాడండి, ఆరుబయట తిరగండి అన్నాడు. గిల్మన్ 1887లో ఆయన రోగి. ఇక జీవితంలో కలం ముట్టుకోవద్దన్నాడని ఆమె తర్వాత రాసుకుంది. 1892లో అచ్చయిన ఆ కథ అందులోంచే పుట్టింది.

మనం ఈ కథని పాఠంగా చెబుతాం, సెమినార్లలో చర్చిస్తాం. కానీ ఆ గది కథలోనే ఉండిపోలేదు. ఇటీవలిదాకా కంకషన్‌కి చెప్పిన వైద్యం అదే. చీకటి గదిలో పడుకోండి, చదవొద్దు, ఫోను చూడొద్దు, నడవొద్దు, లక్షణాలన్నీ పోయేదాకా కదలొద్దు. నూట పాతికేళ్ళ తర్వాత అదే గది, అదే తలుపు.

ఆ గది మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తుందని ఇప్పుడు పరిశోధనలు చెబుతున్నాయి. 2015లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో, తలదెబ్బతో అత్యవసర విభాగానికి వచ్చిన 88 మంది పిల్లల్ని, యువకుల్ని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకి ఐదు రోజులు కచ్చితమైన విశ్రాంతి. రెండో జట్టుకి ఒకటి రెండు రోజులు మాత్రమే, తర్వాత మెల్లగా మామూలు పనులు. ఐదు రోజుల జట్టే ఎక్కువ లక్షణాలు చెప్పింది, అవి తగ్గడానికీ ఎక్కువ రోజులు పట్టింది. బఫెలో విశ్వవిద్యాలయంలో జాన్ లెడ్డీ బృందం 2019లో 103 మంది టీనేజీ క్రీడాకారులమీద చేసిన పరిశోధనలో, దెబ్బ తగిలిన మొదటి పది రోజుల్లోపే కొలత ప్రకారం వ్యాయామం మొదలుపెట్టిన జట్టు సగటున 13 రోజుల్లో కోలుకుంది. ఒట్టి స్ట్రెచింగ్ చేసిన జట్టుకి 17 రోజులు పట్టింది. లక్షణాలు మొండిగా మిగిలిపోయినవాళ్ళమీద కాల్గరీలో క్యాథరిన్ ష్నైడర్ బృందం 2014లో చేసిన పరిశోధన చిన్నదే, 31 మందితో. కానీ మెడకీ, శరీరం తూకం నిలిపే వ్యవస్థకీ కలిపి ఫిజియోథెరపీ చేసినవాళ్ళలో 73 శాతం మంది ఎనిమిది వారాల్లో ఆటకి పనికొస్తారని తేలారు. చేయనివాళ్ళలో 7 శాతమే.

ఆమ్‌స్టర్‌డామ్ తీర్మానం దీన్నే పద్ధతిగా చెప్పింది. దెబ్బ తగిలిన వెంటనే ఆటనుంచి తప్పించాలి. మొదటి 24 నుంచి 48 గంటలు కాస్త విశ్రాంతి. ఆ తర్వాత నడక. లక్షణాలు కొద్దిగా పెరిగి గంటలోపు సర్దుకుంటే ఫర్వాలేదు, ఎక్కువైతే ఆపి మర్నాడు మళ్ళీ. ముందు చదువుకి, తర్వాత ఆటకి, మెట్టు తర్వాత మెట్టు. నాలుగు వారాలు దాటితే ఇంకా సూక్ష్మంగా చూడాలి. తలనొప్పి మైగ్రేనా, మెడనుంచి వస్తోందా? తల తిరగడం చెవిలోపలి తూకం చెడడంవల్లా? రెండు కళ్ళూ ఒకచోట కుదరక అక్షరాలు కదుల్తున్నాయా? నిద్ర ఎలా ఉంది? దిగులు పట్టిందా? ఒక్కో కారణానికి ఒక్కో వైద్యం. ట్రెడ్‌మిల్‌మీద నడిపించి, గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకున్నప్పుడు తలనొప్పి పెరుగుతోందో కనిపెట్టి, ఆ హద్దుకి కొంచెం లోపల రోజూ ఇరవై నిమిషాలు వ్యాయామం చేయిస్తారు. వారం వారం హద్దు జరుగుతుంది. ఇదంతా ఖరీదైన యంత్రాల పని కాదు. ఒక గడియారం, ఒక మైదానం, చెప్పింది వినే డాక్టరో ఫిజియోనో ఉంటే చాలు. ఆ మూడోదే మన దగ్గర దొరకదు.

దిగులు సంగతి విడిగా చెప్పాలి. ‘ఇది మానసికం కాదు, నిజమైన దెబ్బ’ అని వాదించబోయి మనం ఇంకో గోతిలో పడతాం. మానసికమైతే నిజం కాదా? నెలల తరబడి తలనొప్పితో ఉండి, ఆట పోయి, స్నేహితులు పోయి, ఎవరూ నమ్మక, మనిషి కుంగిపోకుండా ఎలా ఉంటుంది? దెబ్బ తిన్న మెదడులోనే ఆ కుంగుబాటూ ఉంది. దానికీ వైద్యం కావాలి. ఒక కారణం దొరికిందని రెండోదాన్ని కొట్టిపారేయడమే హిస్టీరియా అన్న మాట చేసిన పని.

ఇప్పుడు ఈ విజ్ఞానం ఎవరి శరీరాలమీద పుట్టిందో చూద్దాం. క్రీడా వైద్యంలో అందరూ ప్రమాణంగా తీసుకునే మూడు కంకషన్ పత్రాలు ఆధారపడిన 171 పరిశోధనల్ని 2022లో క్రిస్టొఫర్ డిలోరో బృందం లెక్కవేసింది. వాటిలో పాల్గొన్నవాళ్ళలో 80 శాతం మగవాళ్ళు. దాదాపు 40 శాతం పరిశోధనల్లో ఒక్క స్త్రీ కూడా లేదు. ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ లాంటి ఆడామగా ఇద్దరూ ఆడే ఆటల్లో కంకషన్లు స్త్రీలలోనే ఎక్కువగా నమోదవుతున్నాయని ఏళ్ళుగా తెలిసి కూడా ఈ పరిస్థితి.

స్త్రీలు కోలుకోవడానికి ఎక్కువకాలం పడుతుందన్న మాట కూడా చాలాకాలం చలామణీ అయింది. మెడ సన్నం అన్నారు, హార్మోన్లన్నారు, ఎక్కువ చెప్పుకుంటారన్నారు. శరీరాల్లో తేడా ఉండొచ్చు, దాన్ని పరిశోధించాల్సిందే. కానీ 2019లో ఫిలడెల్ఫియా పిల్లల ఆసుపత్రి పరిశోధకులు ఇంకో లెక్క తీశారు. దెబ్బ తగిలాక నిపుణుల దగ్గరికి చేరడానికి ఆడపిల్లలకి మగపిల్లలకన్నా ఎక్కువ రోజులు పడుతోంది. మొదటి వారంలోపే చేరినవాళ్ళని మాత్రం పోల్చిచూస్తే, కోలుకోవడంలో ఆ తేడా కనిపించలేదు. అమెరికా కాలేజీ క్రీడాకారులమీద 2021లో వచ్చిన పెద్ద అధ్యయనంలో కూడా, వైద్యం సమానంగా అందే చోట ఆడవాళ్ళూ మగవాళ్ళూ మొత్తంమీద ఒకేలా కోలుకున్నారు. అంటే ఇన్నాళ్ళూ ఆడమెదడు లక్షణంగా చెప్పిన ఆలస్యంలో కొంతభాగం డాక్టరు దగ్గరికి వెళ్ళే దారిలో జరిగిన ఆలస్యం. ఆ దారిలో ఎవరున్నారు? కోచ్‌లు, టీచర్లు, తల్లిదండ్రులు. నేనున్నాను.

పేరున్నవాళ్ళకైనా న్యాయం జరిగిందా? 1999 ప్రపంచ కప్ ఫైనల్లో 90 వేల మంది ముందు చైనా పెనాల్టీని ఆపి అమెరికాని గెలిపించిన గోల్‌కీపరు బ్రియానా స్కరీ. 2010 ఏప్రిల్లో ఒక మ్యాచిలో ప్రత్యర్థి మోకాలు ఆమె కణతకి తగిలింది. అదే ఆమె చివరి మ్యాచి. తర్వాత దాదాపు మూడేళ్ళు తలనొప్పి, మతిమరుపు, కుంగుబాటు. వైద్యం ఖర్చు కోసం ఇన్సూరెన్సు కంపెనీతో పోరాడాల్సి వచ్చింది. ఒలింపిక్ బంగారు పతకాల్ని తాకట్టు పెట్టుకుంది. 2013లో తలవెనక నరానికి ఆపరేషన్ జరిగాకే ఆమెకి నొప్పినుంచి తెరిపి దొరికింది. 2014లో అమెరికా కాంగ్రెసు కమిటీ ముందు సాక్ష్యం చెప్పింది. ప్రపంచ ఛాంపియన్, నల్లజాతి స్త్రీ. తన తల నొప్పి పుడుతోందని నమ్మించడానికి ఆమెకే అంత కష్టపడాల్సి వచ్చింది.

మన దేశానికి వద్దాం. 2021 ఆగస్టులో టోక్యో ఒలింపిక్స్ క్వార్టర్ ఫైనల్లో ఓడిపోయిన వినేశ్ ఫోగట్‌ని రెజ్లింగ్ సమాఖ్య క్రమశిక్షణ పేరుతో సస్పెండ్ చేసింది. ఎక్కడ బస చేసింది, ఏ స్పాన్సరు దుస్తులు వేసుకుంది అన్నవి ఆరోపణలు. ఆ నెలలోనే ఆమె ఒక ఇంగ్లీషు దినపత్రికలో రాసింది: 2017లో తనకి కంకషన్ అయిందనీ, అప్పటినుంచీ చూపు మసకబారుతుంటుందనీ, చాలావరకు తగ్గినా తలకి ఏదైనా తగిలితే తిరిగొస్తుందనీ. నాలుగేళ్ళు! దేశం తరఫున కుస్తీ పట్టే అమ్మాయి తలలో ఏం జరుగుతోందో దేశానికి తెలియడానికి ఆమె ఓడిపోయి, శిక్షపడి, తానే కలం పట్టి రాసుకోవాల్సి వచ్చింది. ఆ వ్యాసానికి వచ్చిన చర్చంతా క్రమశిక్షణ చుట్టూ, దేశభక్తి చుట్టూ తిరిగింది. ఆ కంకషన్ గురించి ఎంతమందిమి ఆగి చదివాం? నేను ఆరోజు ఆ వ్యాసం చదివాను, మహిళా క్రీడాకారిణి ధిక్కార స్వరం గురించి నోట్సు కూడా రాసుకున్నాను. ఆమె తల గురించి ఒక్క ముక్క రాసుకోలేదు.

సరిగ్గా జరిగిన సందర్భమూ ఒకటుంది. 2020 మార్చి 8న మెల్‌బోర్న్‌లో మహిళల టీ20 ప్రపంచ కప్ ఫైనల్. 86,174 మంది చూస్తుండగా తానియా భాటియా హెల్మెట్‌కి బంతి తగిలింది. ఆమెని తప్పించి, కంకషన్ నిబంధన కింద రిచా ఘోష్‌ని దింపారు. ఎవరూ ఆమెని పిరికిదనలేదు. జట్టుకి ఒక మనిషి తగ్గలేదు. ఎందుకంటే 2019లో ఐసీసీ ఆ నిబంధన తెచ్చింది. అంటే నమ్మకాన్ని ఒకరి మంచితనానికి వదిలేయక్కర్లేదు, నిబంధనగా రాసుకోవచ్చు. కాకపోతే ఆ నిబంధన పెద్ద స్టేడియంలోనే ఆగిపోయింది. జిల్లా కేంద్రంలో ఎర్రమట్టి గ్రౌండుదాకా రాలేదు.

ఆ గ్రౌండులో ఎవరున్నారు? కబడ్డీ, ఖోఖో ఆడే మన అమ్మాయిల్లో ఎక్కువమంది దళిత, వెనకబడిన కులాల పిల్లలు, కూలీల, చిన్నరైతుల కూతుళ్ళు. బూట్లూ బ్యాట్లూ కొనక్కర్లేని ఆట కాబట్టి కబడ్డీ వాళ్ళది. ఇంటర్ యూనివర్సిటీ సర్టిఫికెట్టు వస్తే సీటో, పోలీసో రైల్వేనో ఉద్యోగమో వస్తుందన్న ఆశ. సెలక్షన్లు వచ్చేవారం ఉంటే తల తిరుగుతోందని ఏ పిల్ల చెబుతుంది? చెబితే పక్కన కూర్చోబెడతారు. పక్కన కూర్చున్నదాన్ని మళ్ళీ పిలవరు. మొదటి దెబ్బ మానకముందే రెండోది తగిలితే ఎంత ప్రమాదమో ఆమెకి ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన పీడీకీ ఎవరూ నేర్పలేదు. ఆయన్ని దుర్మార్గుణ్ణి చేయడం నా ఉద్దేశం కాదు. వందమంది పిల్లలకి ఒక్క పీడీ, ప్రథమ చికిత్స పెట్టెలో అయొడిన్ సీసా. అతని అజ్ఞానం అతనొక్కడి సొంతం కాదు.

ఇక ఇంటికి వెళ్తే ‘రెస్టు’ అన్న మాటకి రెండు అర్థాలున్నాయి. ఒకటి, ఆట మానెయ్యడం. ‘మేం ముందే చెప్పాం’ అనడానికి ఇంటివాళ్ళకి డాక్టరు చేతిరాత దొరుకుతుంది. ఎలాగూ ఇంట్లోనే ఉంది కదా, సంబంధాలు చూద్దాం అంటారు. రెండోది, ఇంటిపని. పొయ్యి వేడి, బోరు దగ్గర బిందె, ఒకే గదిలో టీవీ హోరు, నలుగురి మాటలు, తమ్ముడి ఫోను. వెలుతురూ చప్పుడూ పడని తలకి మన ఇళ్ళలో విశ్రాంతి ఎక్కడుంది? మిచెల్ రోగులకి కనీసం మంచమన్నా ఉండేది. మన అమ్మాయికి విశ్రాంతి పేరుతో అందేది ఆటనుంచి బహిష్కారం, అందనిది విశ్రాంతి. అందుకే ‘రెస్టు తీసుకో’ అన్నది నాకు వైద్యంలా వినిపించడం లేదు. తీర్పులా వినిపిస్తోంది. అప్పీలు లేని తీర్పు.

ఇక్కడ మనవాళ్ళే ఒక అభ్యంతరం చెబుతారని తెలుసు. ఇంట్లో మొగుడి చేతిలో గోడకి తల కొట్టించుకుంటున్న ఆడవాళ్ళు ఇంతమంది ఉండగా, ఆటగత్తెల తలనొప్పి గురించి ఇంత రాద్ధాంతమా అని. ఈ పోటీ పెట్టడమే తప్పంటాను. తలలోపల జరిగేది రెండుచోట్లా ఒకటే. ఇంట్లో దెబ్బతిన్న స్త్రీకి కూడా స్కాన్ నార్మల్ అనే వస్తుంది. ఆమె మతిమరుపుని మొద్దుతనమనీ, కోపాన్ని గయ్యాళితనమనీ, కోర్టులో తేదీలు తడబడితే అబద్ధమనీ అంటారు. కంకషన్ గురించి ప్రపంచానికి తెలిసిందాంట్లో ఎక్కువభాగం క్రీడలమీద పెట్టిన డబ్బుతో తెలిసింది. ఆ జ్ఞానాన్ని ఆటస్థలంలో మన పిల్లలకోసం అడిగి సాధిస్తే, అది సహాయ కేంద్రానికీ మహిళా కోర్టుకీ కూడా చేరుతుంది. దెబ్బతిన్న తలకి సాక్ష్యమిచ్చే హక్కు ఒకచోట ఒప్పుకుంటే రెండోచోట కాదనడం కష్టం.

సాహిత్య విమర్శకులుగా మన తప్పు కూడా ఒప్పుకోవాలి. హిస్టీరియాని మనం ప్రతీకగా చదివాం. మూర్ఛపోయే స్త్రీ, గదిలో పిచ్చెక్కే స్త్రీ - పితృస్వామ్యంమీద శరీరం చేసే తిరుగుబాటుగా వ్యాఖ్యానించాం. నా సిద్ధాంత వ్యాసంలో ఒక అధ్యాయమంతా ఇదే. ఆ చదువు అవసరమే అయింది. కానీ లక్షణాన్ని రూపకంగా చదవడానికి అలవాటుపడ్డాక, లక్షణం ఒట్టి లక్షణంగా ఎదురుగా వచ్చి నిలబడితే గుర్తుపట్టలేకపోయాం. ‘అక్షరాలు కదుల్తున్నాయ్’ అన్న వాక్యం ఏ కవితలోనైనా కనిపిస్తే దానిమీద నేను పది పేజీలు రాసి ఉండేదాన్ని. ఒక పిల్ల నోటివెంట వచ్చేసరికి కళ్ళ డాక్టరు దగ్గరికి పంపాను.

అడగాల్సింది కొండంతేమీ కాదు. కెనడాలోని ఆంటారియోలో రోవన్ స్ట్రింగర్ అనే 17 ఏళ్ళ అమ్మాయి, తన స్కూలు రగ్బీ జట్టు కెప్టెన్, 2013 మేలో చనిపోయింది. కొద్దిరోజుల తేడాలో తలకి మళ్ళీ మళ్ళీ దెబ్బలు తగిలాయి. తనకి కంకషన్ అయిందేమోనని ఆమె స్నేహితులకి మెసేజిలు పెట్టింది, ఇంటర్నెట్లో వెతుక్కుంది. ఆ అనుమానం పెద్దవాళ్ళదాకా చేరలేదు. 2018లో ఆంటారియో శాసనసభ ఆమె పేరుమీద చట్టం చేసింది. అనుమానం వస్తే ఆటనుంచి తప్పించాలి, వైద్యుడు చూడకుండా తిరిగి దింపకూడదు, ఆటగాళ్ళూ కోచ్‌లూ తల్లిదండ్రులూ ఈ విషయం చదివి తెలుసుకోవాలి. మన రెండు రాష్ట్రాల్లో అలాంటి చట్టం లేదు. కావాలి. దానికోసం ఆగకుండా కాలేజీ స్థాయిలో, యూనివర్సిటీ స్థాయిలో చేయగలిగినవి ఉన్నాయి. తలకి దెబ్బ తగిలిన పిల్ల ఆ రోజు మళ్ళీ ఆడకూడదన్న ఒక్క నియమం. తలనొప్పి ముదురుతున్నా, వాంతులు ఆగకపోయినా, ఫిట్సు వచ్చినా, మగతగా ఉన్నా, చేయో కాలో పట్టు తప్పినా వెంటనే ఆసుపత్రికి చేర్చాలన్న కాగితం ఒకటి పీడీ గదిలో తెలుగులో అంటించడం. సెలక్షన్ తప్పిపోయిన పిల్లకి కోలుకున్నాక మళ్ళీ సెలక్షన్ పెట్టడం, ఎందుకంటే ఇది లేకపోతే ఏ పిల్లా నిజం చెప్పదు. హాజరు మినహాయింపు, పరీక్షలో అదనపు సమయం. ప్రభుత్వాసుపత్రి ఫిజియోథెరపీ విభాగానికి పంపే చీటీ. పరిశోధన చేసే మన మిత్రులు, ఈ ఆటలాడే మన అమ్మాయిల్ని వాళ్ళ భాషలో అడిగి, వాళ్ళు చెప్పింది రాసిపెట్టడం.

వీటన్నిటికన్నా ముందు మన స్టాఫ్‌రూముల్లో ఒక పని. క్లాసులో కళ్ళు మూసుకున్న పిల్లని ‘శ్రద్ధ లేదు’ అని రాసేముందు, తలకేమైనా తగిలిందా అని అడగడం.

ఆ అమ్మాయి మూడో సంవత్సరానికి రాలేదు. టీసీ కోసం వచ్చినప్పుడు కనిపించింది. ఎలా ఉన్నావని అడిగాను. “బస్టాండుదాకా నడిస్తే బానే ఉంటది మేడం. చెరువు కట్టదాకా పోతే తల మొదలైతది. అందుకని కట్టకి ఇవతలే తిరిగొస్తున్నా రోజూ” అంది. ట్రెడ్‌మిల్ పెట్టి కనిపెట్టే హద్దుని ఆమె ఒంటరిగా, ఎవరూ చెప్పకుండా, తన ఊళ్ళో కనిపెట్టుకుంది. మళ్ళీ ఆడతావా అంటే, “పరిగెత్తాలనే ఉంది. ఎంతవరకు పరిగెత్తొచ్చో ఎవరన్నా చెప్పాలి గదా” అంది.

చెప్పగలిగే విజ్ఞానం ఈ లోకంలో ఉంది. ఆమెదాకా తేవడానికి ఎవరూ పూనుకోలేదు. మనమే పూనుకోవాలి.